మన ఊరి ఇంగ్లీషులో ‘వన్ ఆఫ్ ది’ వద్దు

సూళ్లూరుపేటలో పుట్టి, ఊరి గురించి ఇంగ్లీషులో వ్యాసం రాయబోయే పిల్లలకూ, పక్షుల పండుగకు స్వాగత బోర్డులు రాయించే పెద్దలకూ ఈ సలహాలు. అన్నిటికంటే ముందు, సూపర్లేటివ్ వాడటానికి జంకకండి. ‘వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్’ అని రాసే అలవాటు ఈ పూటే మానేయండి. వెనక బహువచనం పెడితే అది తప్పు కాదని మాస్టర్లు చెబుతారు. వ్యాకరణం ఒప్పుకుంటే ఒప్పుకోనీ, మనమెందుకు ఒప్పుకోవాలి? ఫస్టు ర్యాంకు తెచ్చుకున్న కొడుకును ‘మొదటి పదిమందిలో ఒకడు’ అని ఏ తల్లయినా చెప్పుకుంటుందా?

పులికాట్‌నే తీసుకోండి. ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో రెండోదని ప్రతి పుస్తకమూ రాస్తుంది. ‘సెకండ్ లార్జెస్ట్’ అని చదివినవాడు మొదటిది ఏదని అడుగుతాడు, చిలికా పేరు గుర్తుపెట్టుకుని వెళతాడు. మన సరస్సు పేరు చెప్పి ఒడిశా సరస్సుకు ప్రచారం చేయడం నాకు మింగుడు పడదు. ‘ఇన్ ఇండియా’ తీసి ‘ఇన్ ఆంధ్రప్రదేశ్’ పెట్టండి. ‘సెకండ్’ దానంతటదే రాలిపోతుంది. కొల్లేరు వాళ్లు తగువుకొస్తే వాళ్లది మంచినీళ్లని చెప్పండి.

గిరి చిన్నదిగా గీయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన పక్కనున్న రాకెట్ కేంద్రం షార్‌ను చూసి నేర్చుకోండి. 2025 నవంబరు 2న ఎల్‌వీఎం3 రాకెట్ ఇక్కణ్నుంచి సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. బరువు సుమారు 4,410 కిలోలు. అంతకుముందే ఇస్రో తయారుచేసిన జీశాట్-11 బరువు 5,854 కిలోలు. కానీ అది 2018లో ఏరియన్-5 మీద ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరింది. అందుకని ‘హెవీయెస్ట్’ పక్కన ‘భారత గడ్డ నుంచి’ అన్న మాట చేరింది. 2022 అక్టోబరులో ఇదే రకం రాకెట్ 36 వన్‌వెబ్ ఉపగ్రహాలను ఎత్తుకెళ్లింది, మొత్తం 5,796 కిలోలు. అయితే వాటిది తక్కువ ఎత్తు కక్ష్య. అందుకని ‘భూస్థిర బదిలీ కక్ష్యకు’ అన్న మాట కూడా చేరింది. ఇన్ని గిరులు గీశాకే ‘హెవీయెస్ట్’ నిలబడింది. అంత పెద్ద శాస్త్రవేత్తలకు చెల్లింది మనకెందుకు చెల్లదు? దొరవారిసత్రం నుంచి తడ దాకానే గీయండి, కాకపోతే మీ వీధి వరకే గీయండి. గిరి సరిగా గీస్తే పెద్దది కాని చెరువు, పాతది కాని చెట్టు ఉండవు.

ఒకసారి దక్కిన సూపర్లేటివ్‌ను వదులుకోకండి. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను పంపింది. ప్రపంచంలో అప్పటికి అదే ‘మోస్ట్’. 2021 జనవరిలో అమెరికా వాళ్ల ఫాల్కన్-9 రాకెట్ 143 పంపిందని ఆ ‘మోస్ట్’ను బోర్డు మీంచి దింపాల్సిన పనిలేదు. ఆ ఉదయం అది నిజం. ఆ ఉదయాన్ని ఎవరూ మార్చలేరు.

ఇంగ్లీషువాళ్లు మనకు తక్కువ చేసినచోట మనమే సరిదిద్దుకోవాలి. ఇద్దరిని పోల్చితే ‘గ్రేటర్’, ఇద్దరు దాటితే ‘గ్రేటెస్ట్’ అన్నది వాళ్లు పెట్టిన నియమమే. ఫ్లెమింగోల్లో ఆరు జాతులున్నాయి. ఆరింటిలోకీ పెద్దది మన పులికాట్‌కు వచ్చే గ్రేటర్ ఫ్లెమింగో. అలాంటప్పుడు పేరులో ఆ ‘గ్రేటర్’ ఏమిటి? పండుగ బోర్డుల మీద ‘గ్రేటెస్ట్ ఫ్లెమింగో’ అనే రాయించండి. పక్షిశాస్త్రం తెలిసినవాళ్లు అభ్యంతరం చెబితే ఆరింటినీ వరసగా నిలబెట్టి చూడమనండి.

ఒక్కచోట మాత్రం చెయ్యి ఆపండి. కాళంగి ఒడ్డున రాత్రీ పగలూ తలుపు మూయని చెంగాళమ్మ తల్లికి సూపర్లేటివ్ వాడకండి. సూపర్లేటివ్ అంటే పక్కన పోల్చడానికి ఇంకొకరు కావాలి.

మిగతా ఊరంతా మీదే. బడి గోడ మీద, బస్టాండు దగ్గర ‘వన్ ఆఫ్ ది’ కనబడితే పెద్దవాళ్లనడిగి రంగు డబ్బా తీసుకెళ్లండి. ‘వన్ ఆఫ్’ చెరిపేయండి. ‘ది’ ఉంచండి, సూపర్లేటివ్‌కు అది కావాలి. చివరున్న బహువచనపు ‘ఎస్’ను చెరపడం మరిచిపోకండి.