సదాశివనగర్ నుంచి హిమాయత్‌సాగర్‌కు ఒక అర్జీ

మహారాజశ్రీ హిమాయత్‌సాగర్‌లోని తెలంగాణ పోలీసు అకాడమీ సంచాలకుల దివ్య సముఖమునకు, కామారెడ్డి జిల్లా సదాశివనగర్ మండల వాస్తవ్యుడైన అర్జీదారు దండాలు పెట్టి విన్నవించుకునేది ఏమనగా:

సదరు అర్జీదారు మీద ఏ కేసూ లేదు. ఆయన ఎవరి మీదా కేసు పెట్టడానికి రాలేదు. ఠాణా మెట్టెక్కినవాడిని మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పుకున్నాడు.

2023 డిసెంబర్‌లో ఈ మండలంలోని భూంపల్లి దగ్గర సగం కాలిన ఒక మహిళ శవం దొరికింది. పేరు తెలియదు, ఊరు తెలియదు. పోలీసులు సీసీ కెమెరాల దృశ్యాలు, సెల్‌ఫోన్ల జాడ పట్టుకుని తీగ లాగితే డొంకంతా కదిలింది. మాక్లూర్‌కు చెందిన ఒకే కుటుంబంలో ఆరుగురు, అందులో ఇద్దరు చిన్నపిల్లలు, కొద్ది రోజుల తేడాతో వరసగా హతమయ్యారని, ఆస్తి కోసం పరిచయస్తుడే ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. అప్పటి ఎస్పీ సింధు శర్మ హయాంలో నిందితుల అరెస్టులూ త్వరగానే జరిగాయి.

మెచ్చుకోవాల్సిన పని. అర్జీదారు మెచ్చుకున్నాడు కూడా. తర్వాతే అతనికి నిద్ర పట్టలేదు. శవాలు ఒక్కోటి ఒక్కో ఠాణా పరిధిలో పడ్డాయి. భూంపల్లి దాకా వచ్చేవరకు వాటన్నిటినీ కలిపే దారం ఎవరి చేతికీ చిక్కలేదు. హంతకుడికి జిల్లా సరిహద్దు కనిపించదు, ఠాణాకు మాత్రం అదే ముందు కనిపిస్తుంది. 2019లో శంషాబాద్ దగ్గర కూతురు కనబడలేదని వెళ్లిన కుటుంబానికి ‘మా పరిధి కాదు’ అన్న మాటే ఎదురైంది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో పని లేకుండా ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ నేరుగానే చెబుతోంది. చట్టం మారింది సరే, రాత్రి పూట బల్ల దగ్గర కూర్చునే కానిస్టేబుల్‌కు అది పాఠంగా చేరిందా?

అసలు గండం అరెస్టు తర్వాత ఉంది. ప్రెస్‌మీట్లో ముసుగులేసి నిలబెడతారు, ‘నేరం అంగీకరించారు’ అంటారు, మర్నాడు పేపర్లో పెద్దక్షరాలు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని ఆ పేపర్లో ఉండదు. కోర్టు అడిగేది వేరు. హైవే దాబా కెమెరాలో దృశ్యం ఉందనుకుందాం. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఆ ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. దాబా యజమానికి ఇదంతా విడమరిచి చెప్పాల్సింది ఎవరు? స్టేషన్ రైటరే. ఈలోగా కెమెరా పెట్టెలో జాగా నిండి పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి.

సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అంటోంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలని 176 అంటోంది. దీనికి మాత్రం రాష్ట్రాలకు ఐదేళ్ల వెసులుబాటు ఇచ్చారు. నిపుణుడు వచ్చేదాకా జనాన్ని ఆపి, అడుగుల గుర్తులు చెరగకుండా చూడాల్సింది మళ్లీ ఆ కానిస్టేబులే.

చూడకపోతే ఏమవుతుందో బెజవాడ వాళ్లను అడగాలి. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పట్టుబడిన యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అతను లోపల గడిపింది ఎనిమిదేళ్లకు పైమాటే. కేసు సీబీఐకి వెళ్లింది, 2019లో శవాన్ని మళ్లీ వెలికితీశారు. ఆ ఎనిమిదేళ్లకు లక్ష ఏ లెక్కన సరిపోయిందో అర్జీదారుకు అంతుపట్టలేదు.

సైబర్ మోసాల సంగతి క్లుప్తంగా: 1930కి ఫోన్ చేయమని బోర్డులున్నాయి, మంచిదే. కానీ ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది కేసులను ఇన్‌స్పెక్టర్, ఆపై హోదా వాళ్లే దర్యాప్తు చేయాలి. మండల ఠాణాలో ఎస్సై ఎంత చురుకైనవాడైనా ఫైలు మాత్రం సర్కిల్ దాకా నడవాలి.

కాబట్టి ప్రార్థన. నిజాం కాలపు కొత్వాల్ వెంకటరామ రెడ్డి గారి పేరు పెట్టుకున్న మీ అకాడమీలో పరేడ్ తగ్గించమని అర్జీదారు అడగడం లేదు. పాసింగ్ అవుట్ పరేడ్ టీవీలో అందంగానే ఉంటుంది. పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చండి: ఒక ఫోను, ఒక కెమెరా పెట్టె, ఒక పంచనామా ఇచ్చి, డిఫెన్స్ లాయరు ముందు నిలబెట్టండి. ఏళ్లుగా ఠాణాల్లో పనిచేస్తున్న హెడ్ కానిస్టేబుళ్లను కూడా ఏటా ఓసారి పిలిచి కూర్చోబెట్టండి. వీగిపోయిన కేసుల తీర్పులు తెలుగులో అచ్చువేసి ప్రతి ఠాణాకూ పంపండి.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లో తెలపాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్. అర్జీదారు కూడా తమకు ఆ గడువే ఇస్తున్నాడు. కాగితం ఖర్చు అనుకుంటే ఫోన్లో సందేశం పెట్టినా చాలు, చట్టం ఒప్పుకుంటుంది.