ప్రాజెక్టు పితామహుడు

1928లో సి.వి. రామన్ కాంతి పరిశోధన ఫలించిన ఫిబ్రవరి 28వ తేదీ దేశమునకంతకును జాతీయ విజ్ఞాన దినోత్సవమే యైనను, మూడవ తరగతి చదువు బిడ్డగల గృహస్థునకు మాత్రము దానికి ముందటి రాత్రియే అసలైన పర్వము. ఏదేని సులభమైన సైన్సు ప్రాజెక్టు చేయించి పంపవలసినదని బడివారు వ్రాసిన చీటీ పుస్తకాల సంచి యడుగున నలిగి నలిగి, ఆ రాత్రి భోజనముల వేళ బయటపడగా, కలిపిన ముద్ద కంచముననే విడిచి, చొక్కా తగిలించుకొని వీధిలోనికి ఉరుకు తండ్రి ప్రతి పేటయందును ఒకడుండును. ఇతడే ప్రాజెక్టు పితామహుడు.

ఇతనికి సులభమైనదేదియు గిట్టదు. పసుపు పూసిన కాగితముపై సబ్బునీరు చిలికిన ఎఱ్ఱబారుననియు, నిమ్మరసము పిండిన మరల పచ్చబడుననియు ఇంటిలోని పెద్దావిడ చెప్పిచూచును. పసుపున సున్నము కలిపి ఎన్ని పెండ్లిండ్లకో పారాణి దిద్దిన చేయి గనుక, ఆమె మాట అక్షరాల శాస్త్రసమ్మతమే. "అది వంటింటి యవ్వారమే అమ్మా, సైన్సు కాదు" అని కుమారుడు కొట్టివేయును. థర్మోకోలు లేని విజ్ఞానము ఇతని దృష్టిలో విజ్ఞానమే కాదు. నిరుడు నిమ్మకాయలకు మేకులును రాగితీగలును గ్రుచ్చి టార్చిబల్బు వెలిగింపబూనినాడు. కాయకొక వోల్టుకు లోపుగా పుట్టు ఆ బక్కప్రవాహమునకు చిన్న ఎల్.ఇ.డి. మిణుకుమనునే గాని బల్బు వెలుగదని ఎవరు చెప్పినను వినక, కాయలే నాసిరకమని తేల్చి, పులిహోరకు దాచినవన్నియు పాడుచేసినాడు.

దుకాణదారుడు షట్టరు సగము దించియుండగా, దాని క్రిందనుండి ఇతని శిరస్సు ప్రవేశించును.

"సౌరకుటుంబమా, అగ్నిపర్వతమా సార్?" అని యాతడు, హోటలులో ఇడ్లీయా దోసెయా యన్నంత తాపీగా అడుగును.

"సౌరకుటుంబం. తొమ్మిది బంతులివ్వు."

"ఎనిమిదే సార్. ప్లూటోని 2006లోనే తీసేశారు."

"మా చదువప్పుడు తొమ్మిదే. ఎందుకైనా మంచిది, చిన్నదొకటి వెయ్యి."

ఆ చిన్నదే అతని పరువు కాపాడినది. ఏలయన, అర్ధరాత్రివేళ, బండి గీతలు కప్పుటకై కొనిన స్ప్రే రంగును శనిగ్రహముపై కొట్టగా, అందలి ద్రావకము థర్మోకోలును తినివేయునను సంగతి యెఱుగని ఆ మహానుభావుని కన్నులయెదుటనే, శని చిటపటలాడుచు గుంటలుపడి ఉసిరికాయంత యయ్యెను. లోకులకు శని పట్టుట విన్నాముగాని, శనికే శని పట్టుట ఆ యింట కాననైనది. తక్షణమే ప్లూటోకు పిల్లదాని వాటరుకలర్లు పూసి, గాజొకటి తొడిగి, శని పదవియందు కూర్చుండబెట్టినాడు.

"శని చాలా పెద్దది కదా నాన్నా?" అని బిడ్డ నిద్రకండ్లతో అడిగినది.

"నువ్వు ముట్టుకోకు, పాడైపోతుంది. వెళ్లి పడుకో."

మరునాడు ప్రదర్శనశాలయందు బల్లకొక తండ్రి కావలియుండెను. పిల్లలందరును బయట ఆడుకొనుచుండిరి. ఎదుటి బల్లపై వంటసోడా, వెనిగరు పోయగా నురుగులు గ్రక్కుచున్న అగ్నిపర్వతమును మనవాడు కంట నిప్పులుపోసికొని చూచి, "డబ్బిచ్చి చేయించాడు" అని ప్రక్కవానితో గొణిగెను. అంతలో టీచరమ్మ వచ్చి, శనిని భూమిని మార్చి మార్చి చూచి, చిఱునవ్వుతో మార్కులు వేసి కదలబోగా, ఇతడు నలుగురిలో అడ్డము నిలిచి, వణకు గొంతుకతో అడిగినాడు:

"మేడమ్, నాకు రెండు మార్కులు ఎందుకు తగ్గించారు?"