తడారాక పనికొచ్చాను

స్టాంపు ప్యాడ్ జీవితంలో చెప్పుకోవడానికి ఏముంటుంది అనుకుంటారు. ముద్ర వేసినాయన గొప్ప, వేయించుకున్న కాగితం గొప్ప. మధ్యలో సిరా ఇచ్చినదాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. అరచేతిలో పట్టే రేకు డబ్బా, అందులో మందపాటి గుడ్డ, ఆ గుడ్డ పీల్చుకున్న ఊదారంగు సిరా. నా ఒళ్ళంతా కలిపి అంతే. గుంటూరు వైపు మిరప పండే పల్లెలో, ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, హెడ్మాస్టరు గారి బల్ల మీద పేపరువెయిట్‌కీ కాలింగ్ బెల్లుకీ నడుమ చాలా ఏళ్ళు కాపురం చేశాను.

టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి నామినల్ రోల్సు... రబ్బరు స్టాంపు రోజుకు వందసార్లు నా నెత్తిన కూర్చుని లేచేది. దానికంటే నాకు మనుషుల వేళ్ళంటేనే ఇష్టం. స్కాలర్‌షిప్పు కాగితాల కోసం తల్లులు వచ్చేవారు. విద్యా కమిటీ తీర్మానం రోజున తండ్రులు వచ్చేవారు. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ గౌరవ వేతనం కోసం వచ్చేది. సంతకం వచ్చినవాళ్ళు పెన్ను అడిగేవారు. రానివాళ్ళు ఏమీ అడక్కుండా ఎడమ బొటనవేలు చాపేవారు. అటెండరు ఆ వేలిని పట్టుకుని నా మీదొకసారి, కాగితం మీదొకసారి అదిమి వదిలేసేవాడు. అంటిన సిరాని కొందరు తలకు రాసుకునేవారు, కొందరు వరండా స్తంభానికి తుడిచేవారు. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ స్తంభానికి నడుమెత్తున ఊదా మరకలు మళ్ళీ పుట్టుకొచ్చేవి. ‘వేలిముద్రగాడు’ అంటే తిట్టు అని నేను నేర్చుకున్నది ఆ బల్ల మీదే.

ఏళ్ళు గడిచేసరికి నాలో తడి తగ్గింది. స్టాంపు ‘జిల్లా ప’ దాకా పడి ఆగిపోతోంది. ‘‘పారేసి కొత్తది తెప్పించవయ్యా’’ అన్నారు హెడ్మాస్టరు గారు. అటెండరు నన్ను చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాడు కూడా. అప్పుడే సైన్సు మేడం తలుపు దగ్గర ఆపారు.

‘‘అది నాకివ్వండి సార్. నాకు కావలసింది ఇలా ఎండిన ప్యాడే.’’

నా గురించి అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

లేబరేటరీ అంటే ఒక బీరువా, మూతి విరిగిన పరీక్షనాళికలు, సీసాలో తెల్లబడ్డ కప్ప. శనివారం మధ్యాహ్నాలు తొమ్మిదో తరగతి పిల్లలకు నేరపరిశోధన శాస్త్రం చెబుతానని మేడం పూనుకున్నారు. సిలబస్‌లో లేని పాఠం. ‘‘సినిమాల్లోలాగా చేస్తామా మేడం?’’ అని పిల్లలు ఎగిరారు. ‘‘సినిమాల్లో పది నిమిషాల్లో తేలిపోతుంది. మనకు నాలుగు శనివారాలు పడుతుంది. అయినా తేలకపోవచ్చు’’ అన్నారు ఆవిడ.

మొదటి పని నాతోనే. తడి ఎక్కువున్న ప్యాడు మీద వేలు పెడితే సిరా గీతల మధ్య సందుల్లోకి దిగి కాగితం మీద ఉత్త మచ్చ మిగులుతుంది. సగం ఎండిన గుడ్డయితే గీతల శిఖరాలకే పలచగా అంటుతుంది, సందులు తెల్లగా ఉంటాయి. అదిమితే చెడిపోతుంది. గోటి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కసారి దొర్లించి తీసెయ్యాలి. అటెండరు అన్నేళ్ళు తీసింది వేలిముద్రలు కావని, వేలి మచ్చలని నాకప్పుడు అర్థమైంది.

తీసిన కాగితాన్ని ఎవరిది వాళ్ళకే ఇచ్చేశారు మేడం. ‘‘ఇది మీ ఒంట్లో భాగం లాంటిది. మీరు ఇష్టపడితేనే గోడ చార్టుకు అంటిద్దాం.’’

భూతద్దం చేతులు మారింది. ‘‘నాకు ఆరు చక్రాలే!’’ అని ఒకడు గంతేశాడు. పదికి పది చక్రాలుంటే రాజయోగమని వాడికి వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. మేడం నవ్వలేదు. పేర్లు మంచివే, ఉంచుకుందాం, రాజయోగం సంగతి మాత్రం శాస్త్రానికి తెలియదు అన్నారు. ఒక పక్కనుంచి వచ్చి, మలుపు తిరిగి, వచ్చిన పక్కకే పోయే గీతలు శంఖం. చుట్టూ తిరిగి మూసుకునేవి చక్రం. మలుపు లేకుండా మధ్యలో కాస్త లేచి అవతలికి దిగిపోయేవి విల్లు. శంఖాలు ఎక్కువ, తర్వాత చక్రాలు. విల్లు నూటికి ఐదారు వేళ్ళకు మించి కనబడదు.

ఆ తరగతిలో కవలలున్నారు. పెద్దోడు, చిన్నోడు. ఒకడు కొట్టించుకోవలసిన దెబ్బ ఇంకొకడు తిన్న రోజులున్నాయి. మామూలు డీఎన్ఏ పరీక్షలో కూడా వీళ్ళిద్దరూ ఒక్కరిగానే కనబడతారని చెప్పి, ఇద్దరి బొటనవేళ్ళూ నా మీద దొర్లించారు మేడం. పోలికున్నా ముద్రలు వేరు. గీతలు కడుపులో మూడో నెల నుంచి పడటం మొదలై ఆరో నెలకల్లా స్థిరపడతాయి. అప్పుడు బిడ్డ ఎటు ఒదిగింది, వేలికి ఏం తగిలింది అన్న చిన్న చిన్న తేడాలు కూడా వాటిని మార్చేస్తాయట. ‘‘చూశావా, నేను నేనే’’ అన్నాడు చిన్నోడు, అన్నతో.

రెండో శనివారం నా చుట్టాల కథ విన్నాను. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయి అనే కాంట్రాక్టరు అరచేతిని సిరాతో అచ్చు వేయించాడు. శాస్త్రం కోసం కాదు. ‘ఆ సంతకం నాది కాదు’ అని రేపు బుకాయించకుండా భయపెట్టడానికి. ఆ భయం నుంచే ఒక శాస్త్రం మొలిచింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచంలోనే మొదటివాటిలో అదొకటి. అయితే వేల కాగితాలు పోగుపడితే కావలసిన ఒక్కటి దొరికేదెలా? అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్లు లెక్క కట్టారు. పది వేళ్ళను రెండేసి చొప్పున ఐదు జతలు చేసి, చక్రం ఉంటే 16, 8, 4, 2, 1 అని విలువలిచ్చారు. ప్రతి జతలో ఒక వేలిని లవంలో, ఇంకో వేలిని హారంలో వేసి కూడి, పైనొకటి, కిందొకటి కలిపితే ఒక భిన్నం వస్తుంది. 32ను 32తో గుణిస్తే 1024 గళ్ళు. ఎవరి కాగితం ఏ గడిలో ఉందో ఆ భిన్నమే చెబుతుంది. పిల్లలు తమ వేళ్ళకు లెక్క కట్టుకుంటుంటే తలుపు దగ్గర నిలబడ్డ లెక్కల మాస్టారు నోరు తెరిచారు.

ఆ పద్ధతికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది పడింది. 1901లో స్కాట్లండ్ యార్డు కూడా ‘హెన్రీ పద్ధతి’ అనే తీసుకుంది. హక్‌కూ బోస్‌కూ బిరుదులూ బహుమానాలూ తర్వాతెప్పుడో తీరిగ్గా వచ్చాయి. వింటూ నాలో నేను నవ్వుకున్నాను. సిరా ఒకరిది, ముద్ర ఇంకొకరిది. ఇది నాకు తెలియని సంగతా?

మూడో శనివారం ఉత్తుత్తి దొంగతనం. బడిగంట కొట్టే సుత్తి మాయమైంది. లేబరేటరీ బల్ల మీద ఒక చీటీ, ‘సుత్తి వెతుక్కోండి’ అని నల్ల స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. పక్కన నీళ్ళు తాగి పెట్టిన స్టీలు గ్లాసు.

చీటీ సంగతి పాఠ్యపుస్తకంలోని క్రొమటోగ్రఫీయే తేల్చాలి. చీటీలోంచి నల్లటి అక్షరం ఉన్న పట్టీ కత్తిరించారు. అనుమానితుల మూడు పెన్నులతో మూడు వడపోత కాగితాల మీద చుక్కలు పెట్టారు. చుక్క మునగకుండా అంచులు మాత్రం నీళ్ళకు తగిలించారు. నీళ్ళు పైకి పాకేకొద్దీ నలుపు విడిపోయి నీలం, గులాబీ, పసుపు మెట్లు మెట్లుగా నిలబడ్డాయి. చీటీ రంగులు రెండు పెన్నులతో సరిపోయాయి. రెండూ ఒకే కంపెనీవి. ‘‘సిరా కంపెనీని చెబుతుంది, రాసిన చేతిని చెప్పదు. ఒక పెన్ను తప్పుకుంది, అంతే రాయండి’’ అన్నారు మేడం.

గ్లాసు మీద పెన్సిలు ముక్కు పొడి చల్లి, మెత్తటి బ్రష్షుతో దులిపి, సెల్లోటేపుతో ఎత్తి తెల్లకాగితానికి అంటించారు. ఒక శంఖం స్పష్టంగా లేచింది. నా దగ్గర తీసిన ముద్రలతో గీత గీతా పోల్చారు. ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండు కలిశాయి అని లెక్కపెట్టారు. చిన్నోడిదే! ‘దొంగ దొరికాడోచ్’ అని గది దద్దరిల్లింది. చిన్నోడి మొహం మాడిపోయింది. ఆటేనని తెలిసినా మాడిపోయింది.

మేడం అందరినీ కూర్చోబెట్టారు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ళ కేసులో ఒక సంచి మీద దొరికిన ముద్ర ఓరెగాన్‌లోని ఒక లాయరుదని అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన్ని రెండు వారాలు నిర్బంధంలో ఉంచారు. తర్వాత స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని చెప్పారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకుంది. ‘‘వాళ్ళకున్న యంత్రాలు మనకు లేవు. వాళ్ళు చేసిన తప్పు మాత్రం మనమూ చెయ్యగలం. చెప్పండి, ఈ ముద్ర ఏం చెబుతోంది?’’

‘‘చిన్నోడు గ్లాసు పట్టుకున్నాడని.’’

‘‘ఎప్పుడు? ఎందుకు?’’

ఎవరూ మాట్లాడలేదు. భోజనాల దగ్గర నుంచి ఆ గ్లాసు తెచ్చిపెట్టమన్నది తానేనని మేడం ఒప్పుకున్నారు. చిన్నోడు ఊపిరి పీల్చుకున్నాడు.

పాఠం అక్కడితో ముగించాలని ఆవిడ అనుకున్నట్టున్నారు. రెండో బెంచీ పిల్ల చెయ్యెత్తింది. ఆయమ్మ మనవరాలు.

‘‘మేడం, ఆ గ్లాసు తుడిచి చిన్నోడికిచ్చింది మా అమ్మమ్మ. నేను చూశాను. మరి దాని మీద అమ్మమ్మ ముద్ర లేదేం?’’

మేడం గ్లాసును కిటికీ వెలుగులోకి ఎత్తి తిప్పారు. చిన్నోడి శంఖం పక్కన పొడి అంటిన మసక మచ్చలు. పిల్లలు ‘పనికిరావు’ అని కొట్టేసినవి. గీతలేమీ లేవు. ఆవిడ చాలాసేపు చూశారు. ఆ ప్రశ్నకు ఆవిడ సిద్ధపడి రాలేదని నాకు తెలిసిపోయింది.

నాలుగో శనివారం ఆయమ్మను పిలిపించారు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

‘‘ఆయమ్మా, ఒకసారి మీ బొటనవేలు ఇస్తారా?’’

‘‘నెలాఖరు కాలేదు గదమ్మా’’ అంది ఆవిడ.

ఆ వేలు నాకు పాతదే. నెలనెలా వచ్చేది. కానీ అదిమి వదిలేసిన వేలే గాని, దొర్లించి తాకిన వేలు కాదు. ఈసారి మేడం నెమ్మదిగా దొర్లించారు. గరుకు తప్ప గీత తగల్లేదు. కాగితం మీద అంచున రెండు మూడు తుంపులు మిగిలాయి, నడుమంతా నున్నటి ఊదా. సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే వేళ్ళవి, మిగతా రోజుల్లో బండెడు గిన్నెలు తోమే వేళ్ళు.

‘‘రేషను మిషను దగ్గరా ఇంతేనమ్మా. పడట్లేదు, మళ్ళీ పెట్టు అంటాడు. నాలుగు వేళ్ళూ పెడతా. ఎదురుగా నిలబడే ఉంటా, నేను లేనంటది అది.’’

గీతల వేరు చర్మం లోపలి పొరలో ఉంటుందని, పైపైన అరిగినవి కొన్ని వారాలు పని మానేస్తే మళ్ళీ లేస్తాయని మేడం చెప్పారు.

‘‘పనాపితే గీతలొస్తయ్యేమో గానీ, కూడెక్కణ్ణుంచొస్తదమ్మా?’’ అని ఆయమ్మ నవ్వింది. మేడం నవ్వలేకపోయారు. సిరా తుడుచుకోమని తన రుమాలు ఇచ్చారు. ఆయమ్మ తీసుకోలేదు. అలవాటుగా తలకు రాసుకుని, అన్నం మాడుతుందంటూ వెళ్ళిపోయింది.

పిల్లలు రిపోర్టు తిరగరాశారు. గ్లాసు పట్టుకున్నవాళ్ళు కనీసం ఇద్దరు. సుత్తి ఎవరు తీశారో ఈ సాక్ష్యంతో చెప్పలేం. ఆ చివరి వాక్యం కింద మేడం పది మార్కులకు పదీ వేశారు.

నా కథ కూడా చివరికొచ్చింది. గుడ్డ గట్టిపడింది. ఇప్పుడు ఎవరి వేలు ఆనినా రంగు అంటదు. బీరువాలో కప్ప సీసా పక్కన కూర్చుని, అద్దంలోంచి గోడ చార్టు చూస్తుంటాను. ముద్రలన్నీ వరుసగా అంటించి ఉన్నాయి. ప్రతిదాని కింద ‘రకం’ అని ఒక గడి ఉంది. శంఖం, శంఖం, చక్రం, శంఖం, విల్లు... చివరి ముద్ర ఆయమ్మది, అడిగి అంటించినది. ఆ గడి నింపమని మేడం మనవరాలికే పెన్ను ఇచ్చారు. ఆ పిల్ల మూడు పేర్లూ చదివింది. ఏదీ నప్పలేదు. కాసేపాగి, గుండ్రటి అక్షరాలతో ‘అరిగినది’ అని రాసింది.

మేడం దిద్దలేదు.