పడకగది స్పీకర్ల పద్యానికి టీకా తాత్పర్యం

ఆటవెలది:
గదికి దగిన జోడి గాత్రంబు నెంచుము
వాట్లు గావు మాట వలయు వినగ
మంచ మొకటి కొనగ మరిరెండు పెట్టెలు
గోడ కవలి వారు గొణగకుండ

అవతారిక: 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో అపార్ట్‌మెంట్లు అంతస్తు మీద అంతస్తుగా పెరుగుతున్నా పడకగది మాత్రం చాలా ఇళ్లలో 10 అడుగులకు 12 అడుగుల దగ్గరే ఆగిపోగా, తెర వెడల్పై మందం తగ్గిన టీవీలో స్పీకర్లకు చోటు చాలక అవి కిందికో వెనుకకో తిరిగి, మాటను మనిషికి గాక గోడకు వినిపిస్తున్న తరుణంలో, గృహస్థునికి కర్తవ్యం తెలుపుటకు ఈ పద్యం బయలుదేరింది.

ప్రతిపదార్థం: గదికిన్ = మంచానికి, వార్డ్‌రోబ్‌కు, వర్క్ ఫ్రం హోం బల్లకు పోగా మిగిలిన గదికి; దగిన = సరిపడు; జోడి గాత్రంబున్ = ఎడమ కుడి స్పీకర్ల జంట పరిమాణమును; ఎంచుము = ఎంపిక చేయుము; వినగన్ = వినుటకు; వలయున్ = కావలసినది; మాట = సంభాషణయే; వాట్లు గావు = అట్టపెట్టె మీది అంకెలు కావు; మంచము = పడక; ఒకటి కొనగన్ = త్రిభుజంలో ఒక మూలగా; మరిరెండు = తక్కిన రెండు మూలలు; పెట్టెలు = స్పీకర్లు; గోడకున్ అవలివారు = పక్క ఫ్లాట్ వారు; గొణగకుండన్ = కాలనీ వాట్సాప్ గ్రూపులో పేరు రాయకయే ఎవరో అందరికీ తెలిసేట్లు రాయకుండునట్లు.

తాత్పర్యం: గదిని, పొరుగును ముందు కొలుచుకొని, చిన్న జంట స్పీకర్లను టీవీకి చెరొక పక్క నిలిపి, తక్కువ వాల్యూమ్‌లో మాట తేటగా వినబడేట్లు అమర్చుకొనవలెనని భావం.

విశేషాలు: వాట్ అనగా ఆంప్లిఫయర్ స్పీకర్‌కు అందించే శక్తికి కొలత. అందులోనూ పీఎంపీఓ అనేది క్షణకాలపు ఉబ్బు లెక్క కాగా, ఆర్ఎంఎస్ అనేది నిలకడగా అందే శక్తి అని భేదం తెలియవలెను. సెన్సిటివిటీ, అనగా ఒక్క వాట్ అందినపుడు మీటరు దూరంలో వినబడే ధ్వని, సాధారణ బుక్‌షెల్ఫ్ స్పీకర్‌లో 86 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండగా, మనుషుల మామూలు మాట 60 డెసిబెల్స్ ప్రాంతంలోనే ఉంటుంది గనుక ఒక్క వాట్‌తోనే పడకగది నిండుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు పెట్టినందున, అమెరికా క్లయింట్‌తో కాల్ ముగించుకొని టీవీ పెట్టే ఉద్యోగికి తక్కిన వాట్లతో పని లేదు. సీలింగ్ ఫ్యాన్ హోరులో ముందుగా మునిగేవి స, శ, త వంటి హల్లులు కాబట్టి, కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్లు బేరమాడేవారు బాంబు పేలే సన్నివేశాన్ని గాక గుసగుసల సన్నివేశాన్ని, అదీ వాల్యూమ్ తగ్గించి, వినిపించమని అడగడం యుక్తం.

‘జోడి’ అన్నందున ఒంటి సౌండ్‌బార్ పక్షం నిరస్తమైనది. రెండు వైపుల ధ్వనీ ఒకే కడ్డీ నుండి వస్తే ఎడమ కుడి ఎడం కుంచించుకుపోతుంది. 1931లో స్టీరియోకు బ్రిటన్‌లో పేటెంట్ దరఖాస్తు చేసిన ఆలన్ బ్లమ్‌లైన్‌కు ఆ తలంపు, తెర మీద నటుడు ఒకవైపున ఉండగా మాట మరొకవైపు నుండి రావడం చూసి కలిగిందని ప్రతీతి.

శంక: త్రిభుజం సమబాహువు కావలెనన్న శాస్త్రం 10 అడుగుల గోడకు ఎట్లు చెల్లును? దిండు నుండి ఒక్కొక్క స్పీకర్ 9 అడుగులుంటే స్పీకర్ల నడుమా 9 అడుగులు కావలసి, అవి మూలల్లో ఇరుక్కొని బేస్‌ను ఉబ్బించవా?

సమాధానం: కవి మూడు కొనలన్నాడే గాని మూడు భుజాలూ సమానమనలేదు. తల నుండి రెండు స్పీకర్లకు దూరం సమానమైతే చాలును. వాటి నడుమ 6 అడుగులైనా బాధ లేదు.

మరొక శంక: ఆ సమదూర స్థానం సరిగ్గా రెండు దిండ్ల సందులో పడగా, దంపతులలో ఎవరికి దగ్గరి స్పీకర్ ముందు వినబడవలెను?

సమాధానం: కవి ‘మంచము’ అని ఊరుకొని ఆ తగవు తీర్చలేదు. వ్యాఖ్యాతలు మాత్రం ఎడమ స్పీకర్‌ను కుడి దిండు వైపు, కుడిదాన్ని ఎడమ దిండు వైపు తిప్పమందురు; అప్పుడు దగ్గరి స్పీకర్ ముఖం పక్కకు తిరిగి కొంత తగ్గి, దూరపుది కొంత హెచ్చి, ఇద్దరికీ మాట తెర నడుమ నుండే వచ్చినట్లు తోస్తుంది.

సబ్‌వూఫర్ కూడా వలయునను వారి పక్షం నాలుగో పాదంతో ఖండితం. అది మోగితే 10 అడుగుల ఎడంలోని గోడల మధ్య 56 హెర్ట్జ్ వద్ద స్థిర తరంగం, అనగా ఎదురెదురు గోడలకు తగిలి మళ్లిన అలలు కలిసి కదలక నిలిచిన అల, ఏర్పడి గదే గుమ్మనగా, ఆ అదురు శ్లాబులోకి దిగి కింది అంతస్తుకూ చేరుతుంది.

ఫలశ్రుతి: ఈ పద్యార్థం నెరిగి కొనువారికి సబ్‌టైటిల్స్ లేక సినిమా అర్థమగును, సొసైటీ నోటీసు రాకుండును, కొన్న నెలకే ఓఎల్ఎక్స్‌లో సగం ధరకు పెట్టవలసిన పెట్టె ఒకటి ఇంట తగ్గును.