పొట్టకో మాసిక

పర్చూరులో ఒక మనిషికి హెర్నియా వచ్చిందంటే అది అతనొక్కడి సొత్తు కాదు, ఊరందరి ఉమ్మడి ఆస్తి. నా బొడ్డు పైన ఉసిరికాయంత బుడిపె లేచిందో లేదో, ఎరువుల కొట్టు ముందు బెంచీ మీద దానికి వాటాదార్లు తేలారు.

“గ్యాసు మావా, వాము నమిలి ఏణ్ణీళ్ళు తాగు.”

“పడుకుంటే లోపలికి పోతందా? అయితే ఏం కాదులే బాబాయ్.”

పడుకుంటే లోపలికి పోవడమే హెర్నియా స్వభావమని ఆ బెంచీకి ఎవరు చెప్పాలి? పొట్ట కండరాల గోడ ఎక్కడో బలహీనపడి సందిస్తుంది. దగ్గినా, తుమ్మినా, బస్తా ఎత్తినా లోపలి కొవ్వో పేగో ఆ సందులోంచి బయటికి తోసుకొస్తుంది. మిరప కళ్ళంలో తిరిగేవాడికి దగ్గు, తుమ్ము, బస్తా మూడూ ఒకేచోట దొరుకుతాయి కదా!

మా ఊరు అంగుళం కదలకుండానే జిల్లాలు మారింది. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆపైన ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. నా పేగుదీ అదే వరస. పాపం దాని తప్పేం లేదు, సరిహద్దే జరిగింది.

దగ్గరి టౌన్లో సర్జన్ గారు నన్ను నిలబెట్టి దగ్గమన్నారు. దగ్గాను. బుడిపె బయటికొచ్చి హాజరు వేయించుకుంది. “మందులకు తగ్గేది కాదండీ, బెల్టు కడితే మూసుకునేదీ కాదు. ఆపరేషనే. తొందరేం లేదు, అట్లాగని ఆలస్యం చెయ్యొద్దు” అన్నారు. ఇందులో రైతు చెవికి ఎక్కేది మొదటి సగమే.

తొందర లేదన్నారు కాబట్టి ఖాళీ ఎప్పుడా అని లెక్క మొదలెట్టాను. పత్తి విత్తేటప్పుడు మంచమెక్కితే అచ్చులెవరు తోలిస్తారు? తర్వాత మిరప నాట్లు. ఆ వెనకే తామర పురుగు, దానికి మందు కొట్టడాలు. కార్తీకంలో పత్తి తీతలు, కూలీల కోసం ఊరూరా తిరగడాలు. సంక్రాంతికి అల్లుడొస్తాడు, అతని ముందు పొట్ట పట్టుకుని నడిస్తే ఏం బావుంటుంది? తర్వాత శనగ, నల్లబర్లీ పొగాకు, మిరప కోతలు, కళ్ళం, టిక్కీలు, గుంటూరు మిర్చి యార్డు. ఇంత చూస్తే తేలిందేమిటంటే, జబ్బు పడటానికి మా పంటల క్యాలెండర్లో జాగా లేదు. మే నెలలో యార్డుకి ఎండల సెలవులిస్తారు, అప్పుడే నాకూ సెలవు.

వెంటనే మా పెద్దమ్మ అడ్డుపడింది. “ఎండల్లో కోత కోయించుకుంటావేందిరా, పుండు మానద్దా?” అదే మాట డాక్టరు గారి దగ్గర అంటే ఆయన నవ్వి, “మానకపోతే ఎండవల్ల కాదండీ, షుగరు వల్ల. ముందు అది చూపించండి” అన్నారు. నవ్వు ఆపి ఇంకో మాటా చెప్పారు. బుడిపె గట్టిపడి లోపలికి పోనంటే, నొప్పి ఎక్కువై వాంతులు పట్టుకుంటే, దానిమీద చర్మం రంగు మారితే ఇక యార్డు సెలవులూ వర్జ్యాలూ చూసుకోవద్దు, అర్ధరాత్రయినా బయల్దేరి రమ్మన్నారు. ఇరుక్కున్న పేగుకి రక్తం అందకపోతే గంటల్లోనే కుళ్ళుతుందట. ఆ మాటతో రెండో సగం కూడా చెవికెక్కింది.

ఇక పరీక్షలు. రక్తం, గుండె, ఛాతీ అన్నీ అయ్యాక మత్తు డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. మా బెంచీ మొత్తానికి తట్టని ప్రశ్నలన్నీ ఆవిడే వేసింది. రక్తం పలచబడే బిళ్ళలు వాడుతున్నారా? ఏ మందన్నా పడదా? కదిలే పళ్ళున్నాయా?

“పొగాకు అలవాటుందా?”

“పండించే అలవాటేనండీ.”

“కాల్చేది?”

“పక్కనోళ్ళు కాలుస్తారు, పొగ మాకొస్తది.”

ఆవిడ నవ్వలేదు. కాల్చేవాళ్ళు ఆపరేషన్‌కి కనీసం నెల ముందు మానకపోతే కోత సరిగ్గా మానదనీ, దగ్గు కుట్లను లాగేస్తుందనీ చెప్పింది. నాకు తోడొచ్చిన బావమరిది చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని వరండాలోకి నడిచాడు.

తర్వాత సర్జన్ గారు వల చూపించారు. సందుని ఉత్త కుట్లతో లాగి కలిపితే మళ్ళీ విడిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ వల వేసి కుడతారు, కొన్నాళ్ళకు దాని కన్నాల్లోకి కండ అల్లుకుపోతుంది. తెల్లగా, పలచగా, అరచేతి మీద పెట్టుకుంటే గీతలు కనబడేంత సన్నంగా ఉంది. వేలితో లాగితే బిగుసుకుంది. “దేంతో నేశారండీ?” అన్నాను, చీరాల పక్క మనిషిని కదా. “పాలీప్రొపిలీన్. యూరియా బస్తా సంచులు నేసే రకం ప్లాస్టిక్కే, కాకపోతే దీని శుభ్రత వేరు, ధర వేరు.”

యూరియా బస్తా ఎత్తి తెచ్చుకున్న చిల్లికి యూరియా సంచీ మాసికా! పత్తి పండించేవాడి పొట్టలోకి నూలుపోగు ఒక్కటీ పోకపోవడం ఏం న్యాయం?

ధర మాట వచ్చేసరికి ఆయన ఇంకో సంగతి చెప్పారు. మహారాష్ట్రలో దొండాయిచా అనే ఊళ్ళో టోంగావ్‌కర్ అనే సర్జన్, ఈ వల కొనుక్కోలేని పల్లెటూరి రోగులకు దోమతెర గుడ్డనే కత్తిరించి, క్రిములు లేకుండా శుద్ధిచేసి వేశారట. 2003లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఇది విన్న మా బావమరిది ఇంట్లో పాత దోమతెర ఒకటుందని గుర్తుచేశాడు. డాక్టరు గారు వినిపించుకోలేదు.

ఆపరేషన్‌కి ఆరు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా రెండు గంటల ముందే ఆపాలి. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మా ఆవిడ ఇదంతా శ్రద్ధగా విని, “అయితే ఉత్త ఇడ్లీలే పెడతానండీ” అంది. దానిమీద నర్సమ్మ ఆవిడను పక్కకు తీసుకెళ్ళి విడిగా ఒక క్లాసు పీకింది.

అన్నీ అయ్యాక సందేహాలున్నాయా అని సర్జన్ గారు అడిగారు. మా ఆవిడకున్నాయి.

“నీళ్ళ బిందె ఎత్తొచ్చా అండీ?”

“ఆరు వారాలు వద్దమ్మా.”

“మనవణ్ణి?”

“కూర్చున్నాక ఒళ్ళో కూర్చోబెట్టండి, ఎత్తనివ్వొద్దు.”

“గొంతు ఎత్తొచ్చా అండీ?”

డాక్టరు గారు నావైపు చూసి, ఆవిడ వైపు చూసి, గట్టిగా అరిచినా పొట్టమీద ఒత్తిడేనన్నారు.

“ఆ ముక్క చీటీ మీద రాసివ్వండి సార్” అంది మా ఆవిడ.