మూడు రంగుల పట్టీ

ప్లాస్టిక్ రేకు మీద సెంటీమీటర్ల గీతలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇంతే నా ఒళ్ళు. ఆరు నెలలు నిండి ఐదేళ్ళు దాటని పిల్లల ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ, నన్ను చుడతారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు. తిండి లేక ఆ బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. 12.5కు తక్కువైతే పసుపు.

మా వంశం పాతదే. 1960ల చివర నైజీరియాలోని బయాఫ్రా కరువులో క్వేకర్ క్రైస్తవ సంఘం సేవకులు జబ్బ కొలతనూ ఎత్తునూ ఒక కర్రతో పోల్చి చూసేవారు. 1974లో షకీర్, మోర్లీ అనే వైద్యులు రంగుల పట్టీ గురించి రాశారు. అంకెలు రానివాళ్ళకూ రంగు తెలుస్తుంది కదా!

ఒక నర్సు సంచిలో చాద్ రాజధాని ఎన్‌జమెనా నుంచి అబెషేకు చిన్న విమానంలో వచ్చాను. అక్కణ్ణుంచి సూడాన్ సరిహద్దున ఉన్న ఆద్రేకు జీపు. వానకాలం. ఎండల్లో ఒట్టి ఇసుకగా ఉండే వాదీలు వాన పడితే ఏరులైపోతాయి. ఒకదాని దగ్గర నీళ్ళు తగ్గేదాకా ఆగాం. వెనకే వేరుశనగ ముద్ద పొట్లాల లారీ కూడా ఆగింది. ఒక్కో పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. వండనక్కర్లేదు, నీళ్ళు కలపనక్కర్లేదు. కట్టెలూ మంచినీళ్ళూ కరువైన చోట ప్రాణం నిలిపేది అదే. ఆ లారీ దాటకపోతే నేను ఎరుపు చూపించి ఏం లాభం? అవతలి గట్టు చేరేదాకా నాకు అదే దిగులు.

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైంది. జూన్‌లో అక్కడి ఎల్ జెనీనా పట్టణంలో మసాలీత్ తెగ జనాన్ని ఊచకోత కోశారు. అక్కణ్ణుంచి ఆద్రే దాదాపు 30 కిలోమీటర్లు. పారిపోతున్నవాళ్ళను దారిలోనూ కాల్చారు. బతికి ఆద్రే చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. కర్రలు పాతి, పైన గుడ్డలు కప్పి, వాటి కింద ఉన్నారు.

పొద్దున్నుంచీ ఒకటే వరుస. నర్సు నన్ను చుట్టాక పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూసేది. రెండు పాదాల్లోనూ గుంట అలాగే నిలిస్తే ఆకలి వాపు. అది నాకు దొరకదు. ఆకుపచ్చ చూపించిన బిడ్డ కూడా ఆ వాపుతో చనిపోవచ్చు. అందుకే నా మాట ఒక్కటే నమ్మి బిడ్డను పంపేయడం నాకు నచ్చదు.

ఒక తల్లి తన చిన్నవాడికి ఎరుపు వచ్చేసరికి ఏమీ మాట్లాడలేదు. పొట్లాలు తీసుకుని, నన్ను అందుకుని పెద్దపిల్ల జబ్బకు తానే చుట్టి బిగించింది.

“అంత లాగకమ్మా, చర్మానికి తగిలితే చాలు,” అని నర్సు వదులు చేసి చూపించింది. రెండోసారి కొలత సరిగ్గా వచ్చింది. తల్లులు ఈ పని చక్కగా చేయగలరని నైజర్‌లో చేసిన పరిశీలనల్లో ముందే తేలింది. పిల్ల చిక్కుతోందని అందరికంటే ముందు కనిపెట్టేది తల్లేగా!

నర్సు నన్ను ఆమె చేతిలోనే ఉంచి ఫర్చానా శిబిరం వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఆ గుడారాల మధ్య తిరుగుతున్నాను. పోయిన వారం ఆకుపచ్చ చూపించిన పక్కింటి పాపకు ఇవాళ పసుపు. ఎరుపు వచ్చేదాకా ఆగకుండా, తల్లులిద్దరూ పాపను ఎత్తుకుని వైద్యశిబిరానికి బయల్దేరారు.