జంటగా వెళ్లాం, నలుగురం

శని ఆదివారాలకి ఇంకో సెలవు కలిస్తే చాలు, ఇప్పటి కుర్రజంటలు భుజానికి సంచి తగిలించుకుని బయల్దేరిపోతారు. మా వీధిలో ఉండే ఓ జంట మొన్న తంజావూరు వెళ్లొచ్చింది. ఇద్దరికీ చరిత్రంటే ప్రాణమట, శిల్పాలంటే పిచ్చట. సంతోషం. ఫోనులో ఫొటోలు చూపించారు. ఫొటో నిండా వాళ్ల మొహాలే. వెనకాల ఓ మూల వేలెడంత గోపురం. అది పెద్ద గుడి విమానం నాయనా, 216 అడుగులు! చుట్టుపక్కల రాయన్నది దొరకని కావేరి డెల్టాలో అంత రాయి మోయించి, 1010 నాటికి రాజరాజ చోళుడు దాన్ని నిలబెట్టింది నీ చెవి వెనక దాక్కోవడానికి కాదు.

మా రోజుల్లో జంట ప్రయాణమంటే నేను, మా ఆవిడ, మా అమ్మ, మా మేనత్త. కొత్తగా పెళ్లయినవాళ్లని ఒంటరిగా పంపితే దారి తప్పుతారని పెద్దవాళ్ల భయం. తెనాలిలో బండెక్కి, మద్రాసు సెంట్రల్లో దిగి, పెట్టే బేడా చెంబూ తపేలాలతో ఎగ్మూరుకి మారి, రాత్రికి మీటరు గేజి బండి పట్టుకున్నాం. విల్లుపురం దాటాక దానికి ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ ఆగేది. మాయవరం, కుంభకోణం వచ్చేసరికి పక్కాయన ముగ్గురు కూతుళ్ల సంబంధాల సంగతీ మాకు తెలిసిపోయింది, మా మేనత్త మోకాళ్ల నొప్పుల సంగతి ఆయనకీ తెలిసిపోయింది. ఇప్పుడు బ్రాడ్‌గేజి వేశారు. బండి వేళకి వస్తోంది. వేళకొచ్చే బండిలో ఎవడి గురించి ఏం తెలుస్తుంది? “ఆ బండి కుదుపులకి నడుం పట్టేసి వారం రోజులు మందు రాయించుకున్నదెవరో?” అని వంటింట్లోంచి మా ఆవిడ. నడుం సంగతి వేరు.

మీరు పెద్ద గుడికి ఎన్నింటికి వెళ్లార్రా అంటే పదకొండింటికట. హోటలువాడు ఊరికే పెట్టే టిఫిను వదలకూడదు కదా! అప్పటికి రాతి నేల పెనంలా కాలిపోతుంటుంది, కాళ్లకి చెప్పులుండవు. గెంతుకుంటూ ఓ చుట్టు చుట్టి, గర్భగుడి తలుపులు మధ్యాహ్నానికి మూస్తుంటే బయటపడి, “చూసేశాం తాతగారూ” అంటారు. మా అమ్మ మమ్మల్ని చీకటితోనే లేపేది. ఆ వేళప్పుడు రాయి చల్లగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ రంగు మారుతుంది. ప్రాకార మండపంలో కూలబడి, పొట్లం విప్పి పులిహోర తింటూ ఆ మారడం చూశాం. చూడక ఏం చేస్తాం, మా దగ్గర ఫోనుందా?

అక్కడే ఓ తమిళ మేష్టారు తగులుకున్నారు. గోడల మీద శాసనాలు చూపించి, వచ్చీరాని తెలుగులో చెప్పుకొచ్చారు. రాజరాజు ఈ గుడికి నాలుగు వందల మంది నాట్యకత్తెల్ని రప్పించాడట. ఒక్కొక్కరి పేరు, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లు, ఏడాదికి నూరు కలాల (కలమంటే అక్కడి కొలత) వడ్లు జీతం, అన్నీ రాతి మీద చెక్కించాడు. వెయ్యేళ్లు గడిచినా ఆ పిల్లల ఇంటి నంబర్లు చదువుకోవచ్చు. మిమ్మల్ని మీ ఫ్లాటు నంబరడిగితే ఫోను తీసి వెతుకుతారు.

ఇంకోటి. ఈ విమానం నీడ నేల మీద పడదని ఎవడో చెప్తే మీరు దాన్ని రీలు చేసి పెట్టారు. సాయంత్రం దాకా కూర్చుని ఉంటే తెలిసేది. నీడ శుభ్రంగా పడుతుంది. ఆ నీడలోనే మా మేనత్త కొంగు పరుచుకుని గుర్రు పెట్టింది.

గర్భగుడి చుట్టూ లోపలి గోడల మీద బొమ్మలున్నాయి. అక్కడికి అందర్నీ పోనివ్వరు. పైన కనిపించేవి మన నాయకరాజులు వేయించినవి. వాటి కింద చోళుల నాటి అసలు బొమ్మలున్నాయని 1931లో గోవిందస్వామి అనే ఆచార్యుడు కనిపెట్టారు. పాతదాని మీద కొత్తది పూసేసే జబ్బు అప్పుడే ఉందన్నమాట. పూసినవాళ్లు తెలుగు రాజులు కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడను.

ఇక ప్యాలెస్‌లో కంచు విగ్రహాల గ్యాలరీ. మీరక్కడ పావుగంట ఉన్నారట. పావుగంటలో నేను కళ్లజోడు కూడా తుడుచుకోలేను! తిరువెంకాడులో దొరికిన శివుడున్నాడక్కడ, 1011 నాటివాడు. జుట్టుని పాములతో తలపాగాలా చుట్టుకుని, ఒక కాలు ఒయ్యారంగా మడిచి, పక్కన నందిని ఆనుకున్నట్టు చెయ్యి చాపి నిలబడతాడు. నంది లేదు. ఎప్పుడు పోయిందో పోయింది, స్వామి మాత్రం ఆ ధీమా సడలనివ్వలేదు. పక్కనున్న అమ్మవారిని ఆ మరుసటేడు చేయించారు. అది విని మా ఆవిడ, “అయ్యో, ఏడాదిపాటు ఆయన్ని ఒక్కణ్నే నిలబెట్టేశారా!” అంది. ఆ మాటకి నాకు మా ఆవిడంటే కొత్తగా ఇష్టం పుట్టింది. అప్పటిదాకా వంట బాగా చేస్తుందనే అనుకునేవాణ్ని. అదే గ్యాలరీలో కల్యాణసుందరుడు పార్వతి చెయ్యి పట్టుకుని ఉంటాడు, ఆవిడ తల కొంచెం వంచుకుని ఉంటుంది. కాళ్లు లాగుతున్నాయని మా అమ్మా మేనత్తా బయట అరుగు మీదే ఉండిపోయారు, కాపలావాడు అటు తిరిగి ఉన్నాడు. ఇంతకంటే చెప్పను. మీరైతే దాన్ని కూడా ఫొటో తీసి నలుగురికీ పంపుతారు.

పక్కనే సరస్వతీ మహల్. శరభోజీ రాజు పెంచి పోషించిన గ్రంథాలయం, 1918లో జనానికి తెరిచారు. తాళపత్రాలు అద్దాల పెట్టెల్లో ఉంటాయి, వాటిలో తెలుగువీ ఉన్నాయి. ఉండవూ మరి? రఘునాథ నాయకుడు అక్కడ కూర్చునే తెలుగులో కావ్యాలు రాశాడు. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ కవిత్వం చెప్పింది, క్షేత్రయ్య పదాలు పాడాడు. ఆ తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ సైతం తెలుగులో యక్షగానాలు కట్టాడు. తమిళ నేల మీద మరాఠీ రాజుకి తెలుగు కావాల్సొచ్చింది. మీరేమో తెనాలి నుంచి వెళ్లి అక్కడి బల్లల మీద ఇంగ్లీషు చదువుకుని వచ్చారు. సరే, నేనూ ఆ తాళపత్రాల మీది లిపి చదవలేకపోయాననుకోండి. తల మాత్రం ఊపాను.

రెండోరోజు తిరువయ్యారు. పదమూడు కిలోమీటర్లు, కావేరి ఒడ్డు, త్యాగరాజస్వామి సమాధి. పాడుబడిపోతున్న ఆ చోట గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సొమ్ముతో. ఆవిడ సమాధి కూడా అక్కడే. మీ జాబితాలో తిరువయ్యారు లేదట, ఆ పూట ఈతకొలను ఉన్న రిసార్టుకి వెళ్లారట. కావేరి పక్కన పెట్టుకుని!

ఈసారి వెళ్తే పొద్దున్నే గుడి, ఎండవేళ గ్యాలరీ, తిన్నాక నిద్ర, సాయంత్రం మళ్లీ గుడి. మర్నాడు తిరువయ్యారు. ఇంకేం పెట్టుకోకండి. అక్కడ పెసరపప్పుతో చేసే అశోకా హల్వా దొరుకుతుంది, ఓ అరకిలో పట్టుకురండి. మా ఆవిడ చేతికివ్వకండి, నాకు షుగరు.